ఒకే కప్పు కింద విడివిడిగా

మంగళవారం ఉదయం రాయిస్ పెల్హామ్ పెట్టుకున్న పనులు మూడే. ఆ రోజు తనిఖీ చేయాల్సిన ఇళ్ల జాబితా ప్రింటు తీసుకోవాలి, చెత్త డబ్బా రోడ్డు పక్కకు నెట్టాలి, ఎనిమిదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి. అతను లాన్సెస్టన్ నగర కౌన్సిల్‌లో భవనాల ఇన్‌స్పెక్టర్. ఇరవై రెండేళ్లుగా గోడల్లో పగుళ్లు చూడటమే ఉద్యోగం. పగులు కనిపిస్తే అది ఎక్కడ మొదలైందో వెతకకుండా ఉండలేడు. కనిపించకపోతే ఇంకా అనుమానం.

ప్రింటర్‌లో కాగితాలు అయిపోయి ఉన్నాయి. అతను కొత్తవి పెట్టగానే, ముందురోజు ఎవరో తీస్తుండగా ఆగిపోయిన పేజీ ఒకటి బయటికొచ్చింది. పైన పేర్లేమీ లేవు. అది మూడో పేజీ.

"8. భర్త కిందటేడాది మార్చి నుంచి వెనక గదిలో పడుకుంటున్నాడు. 9. తన బట్టలు తానే ఉతుక్కుంటాడు. 10. ఇద్దరూ కలిసి భోజనం చేయడం నేను చూడలేదు. అతను సూపు వేడి చేసుకుని టీవీ ముందు కూర్చుంటాడు. 11. నేను గురువారం సాయంత్రాలు ఆ ఇంటికి వెళ్తుంటాను. ఇదంతా కళ్లారా చూశాను."

అడుగున కుటుంబ న్యాయస్థానం పేరు. దాని పక్కనే చిన్న అక్షరాల్లో: 'ఒకే కప్పు కింద విడివిడిగా జీవించిన దంపతులు: సాక్షి ప్రమాణపత్రం.'

రాయిస్ కిందటేడాది మార్చి నుంచి వెనక గదిలోనే పడుకుంటున్నాడు. గురక కారణం. బట్టలు తానే ఉతుక్కుంటాడు. సూపు సంగతి సరేసరి. గురువారం సాయంత్రాలు వీళ్లింటికి వచ్చేది ఒక్కడే. ఐవర్. రాయిస్ భార్య గ్లెనిస్ పాడే గాయక బృందంలో అతనూ పాడతాడు. సాధనకు ఒక గురువారం అతని కారులో, ఒక గురువారం ఆమె కారులో కలిసి వెళ్తారు. ఐవర్ గురించి రాయిస్‌కు తెలిసింది అతని గొంతు మాత్రమే. అది మంచి గొంతు. ఆ సంగతే ఏడాదిగా అతన్ని తొలుస్తోంది.

వంటింట్లోంచి గ్లెనిస్ అరిచింది. "రాయిస్, చెత్తబండి వచ్చేస్తోంది! డబ్బా బయట పెట్టావా?"

ఆ కాగితం చూపించి ఇదేమిటని అడిగితే పోయేదే. కానీ అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే అనుమానానికి ఇక పనుండదు. రాయిస్ కాగితం మడిచి నారింజ రంగు పని కోటు జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం భోజనం వేళకు ఇస్త్రీ చొక్కా వేసుకుని కోర్టు సమాచార కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. లోపల ఉన్నావిడకు అరవై దాటాయి. మెడలో గొలుసుకు వేలాడే కళ్లద్దాలు, మోకాలికి పట్టీ. ఛాతీ మీద టామ్సిన్ అని పేరు బిళ్ల.

"ఇంట్లోనే ఉంటూ విడిపోయినట్టు ఎలా తేలుస్తారండీ?" అన్నాడు రాయిస్.

"నేను సమాచారం చెప్పగలను. సలహా మాత్రం చెప్పకూడదు," అందామె. ఆ మాట రోజుకు నలభైసార్లు అనే మనిషిలా ఉంది. "పడక వేరా, వంట వేరా, బట్టలెవరు ఉతుకుతారు, నలుగురిలో జంటగా కనిపిస్తారా... ఇలాంటివన్నీ చూస్తారు. బయటి మనిషి సాక్ష్యం కూడా కావాలి."

"అవన్నీ ఇప్పుడు మార్చేస్తే?"

"అది సలహా కిందికి వస్తుంది."

"నా మీద మా ఆవిడ దరఖాస్తు పెట్టిందేమో చెప్పండి."

"పెడితే కాగితాలు మీకు అందుతాయి. కోర్టు ఆన్‌లైన్ పోర్టల్‌లో ఖాతా తెరుచుకోవచ్చు. ఇదిగో కరపత్రం. ఏమైనా అనుమానం వస్తే ఫోన్ చేయండి." కరపత్రం మీద తన పేరు, నంబరు రాసిచ్చింది.

రాయిస్ దాన్ని సమాచారంగా తీసుకోలేదు, మరమ్మతుల జాబితాగా తీసుకున్నాడు.

ఆ రోజే తన మంచం గ్లెనిస్ పడుకునే ముందు గదిలోకి మోశాడు. బుధవారం ఉదయానికి నిద్రలేక గ్లెనిస్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏమొచ్చింది నీకు?" అంది. "ఏమీ లేదు, దగ్గరగా ఉందామని," అన్నాడు. ఆ మాట అతని నోట్లో కొత్త పళ్లసెట్టులా కదిలింది. తర్వాత ఇద్దరి బట్టలూ కలిపి మెషిన్‌లో పడేశాడు. జేబులో కాగితాలు తీసి, నారింజ కోటు కూడా వేశాడు. శనివారం కచేరీకి గ్లెనిస్ దాచుకున్న తెల్ల జాకెట్టు క్యారెట్ రంగులో బయటికి వచ్చింది.

మిగిలింది నలుగురిలో కనిపించడం. గ్లెనిస్ టపా తీసుకోవడానికి గేటు దగ్గరికి వెళ్లినప్పుడు, ఎదురింటి ఒడెట్ గులాబీలు కత్తిరిస్తూ చూస్తోందని ఖాయం చేసుకుని, వెనక నుంచి వెళ్లి భార్యను ముద్దు పెట్టుకున్నాడు.

ఒడెట్ కత్తెర దించింది. "ఏమయ్యా రాయిస్, డాక్టరు ఎన్నాళ్లన్నాడు?"

గ్లెనిస్ టపా పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. రాయిస్ కంచె దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు. "ఒడెట్, మేం కలిసే ఉంటున్నామని అవసరమైతే రాసిస్తావా?"

"చూసింది చూసినట్టు రాస్తాను. కానీ బాబూ, మొన్న సోమవారం దాకా నువ్వామె వైపు చూడటమే నేను చూళ్లేదే! పోస్టుమ్యాన్‌కి నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్తావు. ఆమెకు చెప్పవు."

ఆ సాయంత్రం అతను పోర్టల్‌లో ఖాతా తెరిచాడు. దరఖాస్తు ఉంటే పేర్లు కొట్టగానే కనిపిస్తుందనుకున్నాడు. ఫారం ఒక్కో ప్రశ్నా అడుగుతూ పోయింది. అడిగినవన్నీ నింపుతూ పోయాడు. చివర్లో ప్రింటు నొక్కి, వచ్చింది చదివాడు. అది విడాకుల దరఖాస్తు ముసాయిదా. దరఖాస్తుదారు: రాయిస్ పెల్హామ్. ఇంకా దాఖలు కాలేదు, సంతకం కూడా లేదు. అయినా దాన్ని చింపడానికి చేయి రాలేదు. మడిచి, ఆరిన కోటు జేబులో, ఆ మూడో పేజీ, కరపత్రాల పక్కనే దాచాడు.

గురువారం ఉదయం గ్లెనిస్ ఆ కోటు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. బల్ల మీద కాగితాలు పరిచింది.

"జాకెట్టు మీద రంగు ఎక్కడిదా అని కోటు చూశాను. మంచం జరపడం, బట్టలుతకడం, గేటు దగ్గర ముద్దు. మా చెల్లి చెప్తూనే ఉంది, మగాడు ఉన్నట్టుండి మంచివాడైతే ఇంకో ఆడది ఉన్నట్టేనని. ఎన్నాళ్లుగా?"

"నేనా? నువ్వు కదా!" రాయిస్ మూడో పేజీ ముందుకు తోశాడు. "ఐవర్ రాసింది కదా ఇది! మన ఇంటి గురించి!"

గ్లెనిస్ ఆ కాగితం చాలాసేపు చూసింది. "ఇది నేను రాశాను రాయిస్. ఐవర్ ఇంటి గురించి. వాళ్లు విడిపోయి ఏడాదిన్నర అయింది. నా కారు వంతు వచ్చినప్పుడు లోపల కూర్చుంటాను కాబట్టి నన్ను సాక్ష్యం రాయమన్నాడు."

"మరి సూపు?"

"అతనూ సూపే తాగుతాడు." ఆమె కుర్చీలో కూర్చుంది. "రాస్తున్నప్పుడు నాకూ రెండుసార్లు కలం ఆగింది. ఎవరింటి గురించి రాస్తున్నానా అని."

గ్లెనిస్ దరఖాస్తు తిప్పి చూసింది. "పెళ్లి తేదీ తప్పు రాశావు. ఏడాది కూడా తప్పే. విడిపోయిన తేదీ మాత్రం మార్చి పద్నాలుగు. తడుముకోకుండా రాసినట్టున్నావు."

"వెనక గదిలోకి వెళ్లిన రోజు," అన్నాడు రాయిస్ బల్ల అంచు గీరుతూ. "మర్నాడు పొద్దున్నే నువ్వు, హాయిగా నిద్రపట్టిందన్నావు."

"అంత మాత్రానికే తిరిగి రావని నేననుకోలేదు! నువ్వు అటే ఉండిపోతే, అక్కడే బాగుంది కాబోలనుకున్నాను. పదహారు నెలలు రాయిస్!"

పిలిచి ఉంటే వచ్చేవాడు. వచ్చి ఉంటే ఆమె పొమ్మనేది కాదు. ఒకరి గది తలుపు ఒకరు కొట్టకుండా ఇద్దరూ మర్యాదగా ఒక కోర్టు ఫారం నిండేలా బతికారు. గ్లెనిస్ దరఖాస్తును నిలువుగా చింపి, మళ్లీ అడ్డంగా చింపింది. గురకకు చెవుల్లో దూది పెట్టుకుంటానంది. రాయిస్ తల ఊపాడు. జాకెట్టు కొత్తది కొనిస్తానన్నాడు. అంతటితో అయిపోయిందనుకుని కెటిల్ పెట్టడానికి లేచాడు.

"ఆగు," అంది గ్లెనిస్. కరపత్రం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "ఈ టామ్సిన్ ఎవరు?"

"కోర్టు కౌంటర్‌లో ఉంటుంది. సమాచారం చెప్తుంది."

"సమాచారం చెప్పేవాళ్లు సొంత చేత్తో నంబరు రాసిస్తారా? మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లింది ఆమె దగ్గరికేనా? ఎలా ఉంటుంది?"

ఆమె మెడ మీద ఎర్రటి మచ్చ లేచింది. ఐవర్ పాట వింటూ ఏడాదిగా రాయిస్ మెడ మీద లేచిన మచ్చ లాంటిదే. తన కోసం ఎవరికైనా అలా లేస్తుందని అతనికి తెలియదు. కళ్లద్దాల గొలుసు, అరవై ఏళ్లు, మోకాలి పట్టీ నాలుక చివరిదాకా వచ్చాయి. రాయిస్ నెమ్మదిగా కెటిల్‌లో నీళ్లు పట్టాడు.

"సరిగ్గా చూడలేదు," అన్నాడు.

చూసినదాన్ని చూడలేదని చెప్పడం ఆ ఇన్‌స్పెక్టరుకు ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి.