చీకటి గది ఉన్న సంబంధం

ఆ ఆదివారం పొద్దున వెంకటరాముడి పథకం చాలా చిన్నది. ధర్మవరంలో రైలెక్కాలి, హిందూపురంలో దిగి పరిగి బస్సు పట్టుకోవాలి, పరిగి పక్కనున్న పల్లెలో పెండ్లికొడుకు గురించి నలుగురినీ గుట్టుగా అడగాలి, రాత్రి భోజనానికి ఇల్లు చేరాలి. అంతే. పిల్లనిచ్చే ముందు ఎవరైనా చేసే పనే ఇది. పేరు మార్చుకుని, గొర్రెలు కొనేవాడిలాగా వెళ్ళి, టీ కొట్టు దగ్గర ఒక మాట, మంగలి దగ్గర ఒక మాట రాబట్టుకుని వస్తారు.

చిక్కంతా వెళ్ళే మనిషితోనే. వెంకటరాముడు పట్టుచీరల అంగడిలో గుమాస్తా. బేరాలు లేనప్పుడల్లా చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకుని ఫోన్‌లో కథలు వింటాడు. అవి కూడా ఒకటే రకం. హీరోకు ఎవరికీ చెప్పని గతం ఉండాలి, ఇంట్లో తాళం వేసిన గది ఉండాలి, ఆ గదిలో చచ్చినా ప్రేమ చావని మొదటి భార్య ఉండాలి. ఏళ్ళ తరబడి ఇవే వినీ వినీ, ఏ మగవాడిని చూసినా వీడి వెనక ఏదో ఉందనే అనుమానం అతనికి జలుబులా పట్టుకుంది.

ఊరికే అనుమానపడితే ఎవరికీ నష్టం లేకపోయేది. బావ పోయినప్పటి నుంచీ అక్క నారాయణమ్మ ఇంటికి పెద్దదిక్కు అతడే. అక్క కూతురు అమృతకు వచ్చిన రెండు సంబంధాలూ అతని పుణ్యమా అని తప్పిపోయాయి. మొదటివాడు ఫొటోలో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "కండ్లు చూపించనోడు ఏదో దాస్తాండాడు" అని వద్దనిపించాడు. ఆ రోజు వాడికి కండ్లకలక అని తర్వాత తెలిసింది. రెండోవాడి ఫోన్‌లో రెండు సిమ్ములు ఉన్నాయి. రెండు నంబర్లంటే రెండు బతుకులేనని తేల్చేశాడు.

మూడోవాడు యువరాజ్. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు పని. అమృత అతనితో ఫోన్‌లో మాట్లాడింది, ఫొటో చూసింది, మనసు పడింది. మామ చెప్పులేసుకుంటుంటే ఎదురొచ్చి నిలబడింది.

"మామా, ఈ పిల్లోడు నాకు నచ్చినాడు. దీన్ని గూడా చెడగొట్టినావంటే నేనింగ పెండ్లే చేసుకోను, చెప్తాండా."

"నేనేం చెడగొడతానమ్మా? ఉన్నది ఉన్నట్టు వచ్చి చెప్తా."

"లేనిది గూడా చెప్తావు కదా, అదే నా భయం."

ఆ భయానికి తగ్గట్టే రైలు పెనుకొండ దాటేలోపు వెంకటరాముడు విన్న కథలో ఒక జమీందారు మొదటి భార్యను చీకటి గదిలో పెట్టి రోజూ తిండి పెట్టసాగాడు. హిందూపురంలో దిగేటప్పటికి తిండి తినేది మనిషి కాదని తేలింది.

పల్లెలో టీ కొట్టు దగ్గర కూర్చుని, తన పేరు పెద్దప్ప అనీ, గొర్రెలు కొనడానికి వచ్చాననీ చెప్పి, మెల్లగా యువరాజ్ ఊసెత్తాడు. టీ కొట్టతను గుక్క తిప్పుకోకుండా అందుకున్నాడు. "బంగారట్లాంటి పిల్లోడప్పా. బీడీ లేదు, బ్రాందీ లేదు, ఒకరి జోలికి పోడు." మంగలిని అడిగితే అవే మాటలు. రచ్చకట్టమీద కూర్చున్న అవ్వను అడిగితే బీడీ దగ్గర మొదలుపెట్టి అదే వరసలో అప్పజెప్పింది. విచారణకు ఎవరో ఒకరు వస్తారని పెండ్లికొడుకు తండ్రి దేవప్పకు తెలియదా ఏమిటి, ముందే ఊరందరి చేతా బట్టీ పట్టించాడు. వెంకటరాముడికి మాత్రం చెమటలు పట్టాయి. ఊరు ఊరంతా ఒకే మాట చెబుతోందంటే, ఊరు ఊరంతా ఒకే రహస్యం దాస్తోందన్నమాట.

"ఇప్పుడు యాడుండాడు ఆ పిల్లోడు?"

"పండుకోనుంటాడు. పగలు కండ్లబడడు. పొద్దు మునిగితేనే లేచి పోతాడు."

నైట్ షిఫ్టు చేసేవాడు పగలు కాక ఎప్పుడు పడుకుంటాడు? ఈ ప్రశ్న ఎవరికైనా తడుతుంది. వెంకటరాముడికి తట్టలేదు.

మంచినీళ్ళు అడిగే నెపంతో ఇంటికే వెళ్ళాడు. పెండ్లికొడుకు తల్లి ఉలిగమ్మ చెంబు తెచ్చిచ్చింది. పెరట్లో విడిగా ఒక గది ఉంది. కిటికీలకు గోనెపట్టలు, గడప ముందు తెల్లగా సున్నం గీత. అతను అటు రెండడుగులు వేశాడో లేదో ఆమె కేకేసింది.

"ఏమబ్బా, ఆ పక్కకు యాడికి పోతాండావు? కొత్తోళ్ళ వాసన పడదు వాటికి. ఆడనే నిలబడు."

ఆమె కాళ్ళూ చేతులూ కడుక్కుని, గంప నెత్తిన పెట్టుకుని ఆ చీకట్లోకి వెళ్ళింది. కాసేపటికి లోపలి నుంచి సన్నగా, ఆగకుండా నమిలే చప్పుడు వచ్చింది. వెనకే ఆమె గొంతు. "తినండి తల్లీ, బాగా తినండి. ఇంగ కొన్ని దినాలే మీకీ చెర."

వెంకటరాముడు చెంబు అక్కడే పెట్టేసి వెనక్కి నడిచాడు. ఒక్కరు కాదు, లోపల చాలామంది ఉన్నారు! అమృత బంగారు మొహం కళ్ళముందు కదిలింది. అంగడికి పరుగెత్తి నిమ్మకాయలు, కుంకుమ, సాంబ్రాణి కడ్డీలు కొన్నాడు. ఉలిగమ్మ గంప తీసుకుని తోటకు వెళ్ళేదాకా గోడ పక్కన నక్కాడు. తర్వాత చెప్పులతోనే సున్నం గీత దాటి, గడపమీద నిమ్మకాయ కోసి కుంకుమ పూసి, కడ్డీల కట్ట మొత్తం అంటించి, "ఎవరమ్మా మీరు? భయపడకండి, నేనుండా!" అంటూ తలుపు తోశాడు.

ఫోన్ లైటు వేసి చూస్తే తట్టల నిండా, గోడ నుంచి గోడ దాకా, తెల్లటి పురుగులు. మల్బరీ ఆకులు నములుతున్నవి కాస్తా పొగకు ఒక్కసారిగా తలలెత్తాయి. ఇరవై ఏళ్ళుగా పట్టుచీరలు అమ్ముతున్నాడే గానీ, వెంకటరాముడు పట్టుపురుగు మొహం చూడటం అదే మొదలు. అతను వేసిన కేకకు వీధంతా వచ్చింది.

"అయ్యో, పొగ! పురుగులు సచ్చిపోతాయి!" అంటూ తోట నుంచి పరుగెత్తుకొచ్చిన ఉలిగమ్మ కడ్డీలను లాగి బకెట్లో ముంచింది. కిటికీల గోనెలన్నీ పీకారు. దేవప్ప నిమ్మకాయను చూశాడు, కుంకుమను చూశాడు, అతన్ని చూశాడు. "నిధులు తవ్వే ముఠా నాయనా వీడు! పొద్దున టీ కొట్టుకాడ గొర్రెలంటాండె!"

పెరట్లో కొబ్బరిచెట్టుకు కట్టేశారు. ఇక దాచి లాభం లేదని వెంకటరాముడు నిజం చెప్పేశాడు.

"నేను ధర్మవరం అమృత మేనమామనప్పా! సంబంధం విచారించుకునేకి వచ్చినా!"

"అట్లనా? కనుక్కుందాం ఉండు" అని ఉలిగమ్మ ఫోన్ తీసి, అందరికీ వినబడేటట్టు పెట్టింది. అటు అమృతే ఎత్తింది.

"ఏమ్మా, మీ మామ యాడుండాడు? ఈడ ఎవుడో నిమ్మకాయలు కోసి, కుంకుమ పూసి, మా పురుగులింట్లో పొగ పెట్టినాడు. అడిగితే నీ మామనంటాండాడు."

వెంకటరాముడు ఆశగా మెడ చాచాడు.

"మా మామనా అత్తా? ఈడే ఉండాడు కదా. అన్నం తిని పండుకోనుండాడు. లేపల్లా?"

"వద్దులేమ్మా, పండుకోనీ పాపం."

వెంకటరాముడు అరవడానికి నోరు తెరిచాడు. ఎత్తి పెంచిన పిల్ల, ఎంత మాట అనేసింది! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున గడపలో ఆమె చెప్పిన మాట. ఇంకొక్కసారి నేనే మామనని గట్టిగా అంటే మూడోది కూడా పోతుంది. తెరిచిన నోరు మెల్లగా మూసుకుని, తల వంచుకున్నాడు.

"తప్పయిపోయిందమ్మా. నిధి కోసమే వచ్చినా. నాకు అక్క లేదు, మేనకోడలు లేదు."

పోలీసులకు పట్టిద్దామన్నారు కొందరు. గోలకు నిద్రలేచి లుంగీతో వచ్చిన యువరాజ్ వద్దన్నాడు. "వయసైన మనిషి, వదిలేయండి నాయనా. పురుగులకేం కాలేదు కదా." దాంతో శిక్ష తగ్గింది. వెంకటరాముడు సాయంత్రం దాకా మల్బరీ ఆకు కోసి గంపలు మోశాడు. చేతులు బొబ్బలెక్కాయి. మధ్యలో యువరాజే మజ్జిగ తెచ్చిచ్చాడు. డ్యూటీకి పోతూ బండి మీద పరిగి బస్టాండులో దించి, "ఇంగ ఇట్లాంటి పన్లు వద్దన్నా, కష్టపడి బతుకు" అని బుద్ధి కూడా చెప్పాడు.

ఇంటికి చేరేసరికి అమృత కంచం పెట్టి కూర్చుంది. అన్నం వడ్డిస్తూ, మొహం ఎత్తకుండానే అడిగింది.

"విచారించుకున్యావా మామా?"

"బాగా విచారించుకున్యా. దొంగకు మజ్జిగిచ్చే పిల్లోడమ్మా. దాచిపెట్టిన గతం ఒక్కటి గూడా లేదు. చేసుకో."

అమృత కళ్ళు తుడుచుకుని, అతని బొబ్బలకు పసుపు రాసింది.

పెండ్లి మాటలనాడు వెంకటరాముడికి కడుపునొప్పి వచ్చింది. తాంబూలాలనాడు కడపలో పని పడింది. పెండ్లినాడు మాత్రం తప్పలేదు. పెండ్లికూతుర్ని గంపలో మోసుకురావాల్సింది మేనమామే. ముహూర్తం వేళకు గంపను మొహానికి అడ్డంగా ఎత్తుకుని గబగబా మండపంలోకి వచ్చాడు. ఉలిగమ్మ అతన్నే తేరిపార చూసి కోడలి చెవిలో అడిగింది.

"మీ మామను యాడో చూసినట్టుండాదే?"

"అందరూ అట్లే అంటారత్తా" అంది అమృత.

ఆ పెండ్లి ఆల్బంలో మేనమామ చేతులు చాలా స్పష్టంగా పడ్డాయి.