బండి కింద బూట్లు

"ఆ జాకీ ఇవాళ జారుతుందండీ. ఎందుకో మనసు కీడు శంకిస్తోంది."

పొద్దున్నే ఆమె నోట ఈ మాట రావడం ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. నాలుగేళ్ల కిందట భర్త తుక్కు దుకాణం నుంచి ఆ పాత పికప్ బండిని తాళ్లు కట్టి లాక్కొచ్చిన రోజు నుంచీ, ఆమె మనసులో జాకీ రోజూ జారుతూనే ఉంది. వీధిలో ఆమెకు గాభరా అక్కయ్య అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లను కూడా, మెట్లు చూసుకుని దిగండి నాయనా అని చెప్పి పంపే మనిషి.

బండి ఆయన కంటే రెండేళ్లు పెద్దది. వచ్చినప్పుడు తలుపులకు తుప్పు, అడుగున చిల్లులు, ఇంజన్లో ఎలుకల కాపురం. సెలవు దొరికితే చాలు, ఆయన దాని కింద పడుకుని ఒక్కో బోల్టూ విప్పి, తుడిచి, బిగించాడు. వెనక తొట్టికి కొత్త చెక్క పలకలు వేయించాడు. ఆమె నడుము నొప్పిని తలుచుకుని ముందు సీటు మార్పించాడు. నిన్న సాయంత్రం పెయింటరు లేత నీలం రంగు కొట్టి, రేపు రాత్రి దాకా చెయ్యి వేస్తే అచ్చు పడిపోతుందని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

ఈ నాలుగేళ్లుగా మొగుడూపెళ్లాల మధ్య ఒక ఒప్పందం నడుస్తోంది. ఆయన బండి కింద ఉన్నంతసేపూ ఆమె వంటింటి కిటికీ దగ్గర నుంచి "ఏమండీ, ఉన్నారా" అంటుంది. ఆయన "ఆఁ" అనాలి. నోట్లో స్క్రూ ఉన్నా అనాలి. బండి నడిచిన రోజు నుంచి మళ్లీ దాని కిందికి దూరనని ఆయన మాట కూడా ఇచ్చాడు. ఆ రోజు ఇవాళే. గేర్‌బాక్సు దగ్గర నూనె కారడం ఒక్కటే మిగిలింది. అందుకే ఆమెకు భయం రెట్టింపైంది. ఏరంతా ఈదినవాడు ఒడ్డు దగ్గరే మునుగుతాడని ఆమె నమ్మకం.

తొమ్మిదింటికి ఆయన బయటికి పాకి వచ్చాడు. లోపలి రబ్బరు సీలు అరిగిపోయింది, కొత్తది తేవాలి. నూనె నేలపాలు కాకుండా ఒంటిమీది పని ప్యాంటు విప్పి కారేచోట పరిచాడు. గాలికి ఎగరకుండా కాళ్ల కొసల మీద బూట్లు పెట్టాడు. షెడ్డులో తగిలించిన మంచి ప్యాంటు తొడుక్కుని పక్క గేటులోంచి జారుకున్నాడు. ఆమెకు చెప్పలేదు. చెబితే రోడ్డు ఎలా దాటాలో వినడానికే పావుగంట పడుతుంది.

ఆమె కిటికీలోంచి పిలిచింది. పలుకు లేదు. మళ్లీ పిలిచింది. మూడోసారి గరిటె చేత్తోనే షెడ్డులోకి వచ్చింది. బండి కింద నుంచి రెండు బూట్లు, మోకాళ్ల దాకా ప్యాంటు కనిపించాయి. చుట్టూ నల్లటి తడి మెల్లగా పాకుతోంది.

ఆమె అరవలేదు. నాలుగేళ్లుగా అరవడానికి సిద్ధంగా ఉన్న మనిషికి, తీరా సమయం వచ్చేసరికి అరవాలన్న సంగతే గుర్తు రాలేదు. కూతురిని పిలిచి, "మీ నాన్నకి ఫోను చెయ్యవే" అంది.

ఫోను బండి కింద, ఆ ప్యాంటు జేబులో మోగింది. మోగి మోగి ఊరుకుంది.

కూతురు వెళ్లి ఎదురింటి దర్జీని పిలుచుకొచ్చింది. దర్జీ పక్కింటి లెక్కల మాస్టారిని లేపాడు. జాకీతో ఎత్తుదామంటే జాకీ కూడా బండి కిందే ఉంది. మాస్టారు బండి బరువును మనుషులతో భాగించి, ఎనిమిది మందైతే ఒక పక్క లేస్తుందని తేల్చారు. దారిన పోయేవాళ్లతో కలిపి ఏడుగురు తేలారు.

"రంగు పచ్చిగా ఉందమ్మా" అన్నాడు దర్జీ, ఎక్కడ పట్టుకోవాలో తెలియక.

"మనిషే పోతుంటే రంగేమిటి అన్నయ్యా. పట్టండి."

పట్టారు. సరిగ్గా అప్పుడే ఎనిమిదోవాడు గేటులోంచి పరుగున వచ్చాడు. అందరూ బండి ఎత్తుతున్నారు, ఆమె చేతులతో కళ్లు మూసుకుని నిలబడింది. ఎవరో బండి కింద పడ్డారని, ఆమె అన్నంతా అయిందని అతనికి అర్థమైంది. మారు మాట్లాడకుండా వెనక చక్రం దగ్గర చేతులు వేశాడు.

"చివర ఉన్నాయన ఎవరో గానీ, ఇంకాస్త గట్టిగా ఎత్తు నాయనా" అంది ఆమె, కళ్లు తెరవకుండానే. అతను ఎత్తాడు.

బండి జాకీ మీద నుంచి జానెడు లేచింది. కూతురు బూట్లు లాగింది. బూట్లు మాత్రమే వచ్చాయి. ప్యాంటు లాగితే అదీ ఒంటరిగానే వచ్చింది. ఆమె ఒక కన్ను తెరిచి, "కాళ్లేవే" అంది.

"ఇంతకీ కింద ఉన్నదెవరు?" అన్నాడు చివరాయన రొప్పుతూ.

"ఈ ఇంటాయన" అన్నారు మాస్టారు.

చివరాయన కాసేపు ఆలోచించాడు. "ఈ ఇంటాయన నేనేనండీ."

ఆ మాట నిజమో కాదో చూడటానికి ఏడుగురూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. తిరిగేటప్పుడు చేతులు వదిలేశారు. నాలుగేళ్లుగా జారని జాకీ అప్పుడు జారింది. జారి, గేర్‌బాక్సులోకి దిగబడింది.

నీలం అరచేతులను తుడుచుకుంటూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బండి ఒక పక్కంతా పదహారు చేతుల అచ్చులు. అందులో రెండు ఆయనవే. గేర్‌బాక్సు పగిలింది కాబట్టి తక్కువలో తక్కువ ఇంకో ఏడాది పని.

ఆయన తిడతాడేమోనని ఆమె ఎదురుచూసింది. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేది. ఆయన అన్నం తిని, కంచం కడిగి, నూనె ఓడుతున్న ప్యాంటు పిండి తొడుక్కుని, బూట్లు వేసుకుని, జాకీ సరిచేసి బండి కిందికి దూరాడు.

ఆమె కిటికీ దగ్గర నిలబడింది. పిలవకూడదనుకుంది. పొయ్యి మీద పాలు పొంగి చల్లారే దాకా ఓర్చుకుంది. ఇక ఆగలేక, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగింది.

"ఏమండీ, ఉన్నారా?"

ఎంతసేపటికీ పలుకు లేదు. ఆమె చెయ్యి గరిటె మీదికి వెళ్లింది. అప్పుడు బండి కింద నుంచి అలసిన గొంతు వినిపించింది.

"లేను."