ఇరవై రెండో నంబరు ఆటగాడు

ఆ గురువారం ఉదయం ఇర్మా కోవాలిక్ పెట్టుకున్న పనులు రెండే. మధ్యాహ్నం లోపల బ్రిక్స్‌డేల్ హామర్స్ ఐస్ హాకీ జట్టు చరిత్రను అచ్చాఫీసులో ఇచ్చి రావడం, ఆ తర్వాత చర్చి వంటింట్లో కూర్చుని శుక్రవారం అమ్మకానికి బంగాళదుంప కూరి కజ్జికాయల్లా పిరోగీలు మడవడం. రెండూ ఆమెకు చెయ్యి తిరిగిన పనులే. పిరోగీలు నలభై ఏళ్ళుగా మడుస్తోంది. హామర్స్ చరిత్ర ఇరవై ఏళ్ళుగా రాస్తోంది.

హామర్స్ పెద్ద జట్టేమీ కాదు. పెద్ద లీగుకు కింద ఒక లీగు, దానికి కింద ఇంకొకటి ఉంటాయి. ఆ కిందదాని గుమ్మం పట్టుకుని వేలాడుతున్న జట్టు. ఉక్కు మిల్లు నడిచిన రోజుల్లో పుట్టింది. మిల్లు మూతపడ్డాక మూడుసార్లు చచ్చి మూడుసార్లు బతికింది. ఒకసారి యజమాని చెప్పాపెట్టకుండా ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. ఇంకోసారి మంచు బరువుకి, ఆట ఆడే రింక్ పైకప్పు కూలింది. మూడోసారి జట్టు బస్సు కొండ మీద ఆగిపోతే, తోయడానికి దిగిన ఆటగాళ్ళలో నలుగురు ఎదురుగా వచ్చిన బస్సెక్కి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. ఈ ఏడు జరుగుతున్న యాభయ్యో సీజను కూడా, చచ్చిన ఏళ్ళు కలుపుకుంటేనే యాభై.

ఇన్నేళ్ళలో హామర్స్ కప్పు దరిదాపుల్లోకి వెళ్ళింది ఒక్కసారే. 1976లో ఫైనల్ ఏడో మ్యాచ్, సొంత ఊళ్ళోనే. స్కోరు సమానంగా ఉంది, ఇంకా మూడు నిమిషాలే ఆట. అప్పుడు లూసియన్ తెబో అనే క్విబెక్ రిఫరీ విజిల్ వేశాడు. మంచు మీద హామర్స్ వాళ్ళు ఆరుగురు ఉండాల్సింది, ఏడుగురు ఉన్నారన్నాడు. జట్టుకి పెనాల్టీ పడింది, ఒకడు రెండు నిమిషాలు పెనాల్టీ గదిలో కూర్చోవాలి. మనవాళ్ళు ఒకడు తక్కువై ఆడుతుంటే అవతలివాళ్ళు గోల్ కొట్టారు. కప్పు పోయింది. ఏడోవాణ్ణి రిఫరీ తప్ప ఎవరూ చూడలేదు. అప్పటినుంచీ బ్రిక్స్‌డేల్‌లో పిల్లవాడు ఆరు దాకా లెక్కపెట్టగానే, "పోన్లే, వీడు రిఫరీ కాడు!" అని పెద్దవాళ్ళు మురిసిపోతారు. ఇర్మా తన పుస్తకం పద్నాలుగో పేజీలో ఆ ఘట్టాన్ని ఒక్క వాక్యంతో ముగించింది: "ఆ రోజు రిఫరీకి లెక్క రాలేదు."

పుస్తకమంతా పూర్తయింది కానీ ఒక్క గడి ఖాళీగా ఉండిపోయింది. లీగు వాళ్ళు పంపిన 1975-76 సీజను పట్టికలో ఇరవై రెండో నంబరు ఎదురుగా, ఒక మ్యాచ్, సున్నా గోల్స్, రెండు నిమిషాల పెనాల్టీ అని ఉంది. పేరు లేదు. బతికున్న పాత ఆటగాళ్ళందరికీ ఇర్మా ఫోన్లు చేసింది. ఇరవై రెండో నంబరు వేసుకున్నవాడు ఎవరో ఒక్కరికీ తెలియదు. ఊరి గ్రంథాలయంలో పాతికేళ్ళు పనిచేసిన మనిషికి ఖాళీ గడి కంట్లో నలుసే.

దానికి తోడు ఆమెకు కడుపు మంటగా కూడా ఉంది. వేసవిలో అరిజోనా నుంచి వచ్చి జట్టు ప్రచారం పని తీసుకున్న బ్రెండన్ అనే కుర్రాడు, పుస్తకంలో పనివాళ్ళ గురించి ఆమె రాసిన పేజీని కొట్టేశాడు. "ఆటగాళ్ళు చాలు మేడమ్," అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు మంచు బండి నడిపి, రింక్‌ను అద్దంలా నున్నగా ఉంచి, కిందటి వేసవిలో మోకాలు మొరాయించి దిగిపోయిన తన భర్త వాల్ట్‌కి ఆ చరిత్రలో ఒక్క ముక్క కూడా దక్కలేదు.

ఇర్మా వంటింట్లోకి చూసింది. వాల్ట్ కుర్చీ మీద కాలు చాపుకుని, తల వంచుకుని గుడ్డు తింటున్నాడు. వాదించడం రాని మనిషి. ఆమె కలం తీసి ఖాళీ గడిలో 'వాల్టర్ కోవాలిక్, బ్రిక్స్‌డేల్' అని రాసేసింది. ఒక్క మ్యాచ్, సున్నా గోల్స్. ఎవరికి నష్టం? ఇర్మా ఆ ఊరికి వచ్చిందే 1978లో. అంతకు ముందు సంగతులకు కాగితాలే సాక్ష్యం, ఇప్పుడు కాగితం కూడా వాల్ట్ పక్షానే ఉంది.

రెండు వారాలకు పుస్తకాలు వచ్చాయి. ఇర్మా ఆ పేజీ తెరిచి భర్త కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"చూడు, నిన్ను ఎక్కించాను."

వాల్ట్ చూశాడు. కప్పు పట్టుకున్న చెయ్యి సగంలో ఆగింది.

"తీసెయ్," అన్నాడు.

"ఎలా తీస్తాను? రెండు వేల కాపీలు అచ్చయిపోయాయి."

"ఇరవై రెండే ఎందుకు రాశావు?"

"అదొక్కటే ఖాళీగా ఉంది మరి."

వాల్ట్ కాఫీ అలాగే వదిలేసి గ్యారేజీలోకి వెళ్ళిపోయాడు. పొగిడితే ముడుచుకుపోయే స్వభావం, ఏం చేస్తాం అనుకుంది ఇర్మా.

ఆ మధ్యాహ్నమే బ్రెండన్ ఫోన్ చేశాడు.

"ఇర్మా గారూ, ఇంత పెద్ద కథ ఇంట్లో దాచుకుని నాకు చెప్పలేదేంటండీ? ఊరి మనిషి, ఒకే ఒక్క మ్యాచ్, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మంచు బండి! వచ్చే ఆదివారం మ్యాచ్‌కి ముందు వాల్ట్ గారికి సన్మానం. ఇరవై రెండో నంబరు చొక్కాలు ఐదు వందలు కుట్టించమని చెప్పేశాను కూడా!"

ఇర్మా ఫోన్ పెట్టేసింది. కోటు తగిలించుకుని రింక్‌లో ఉన్న అతని ఆఫీసుకి వెళ్ళింది.

"చూడు నాయనా, ఆ పేరు నేనే..."

"మీరేం ఇబ్బంది పడకండి మేడమ్. ఇప్పుడే వాల్ట్ గారితో కూడా మాట్లాడాను. తను అసలు హాకీ ఆడలేదంటున్నారు! ఎంత అణకువండీ! నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి."

"ఆయన నిజంగానే ఆడలేదు."

"మీ ఇద్దరిదీ ఒకే మాట! పెళ్ళయి ఎన్నేళ్ళయింది మేడమ్?"

ఇలా కాదని ఇర్మా గస్ మంగలిషాపు వైపు నడిచింది. గస్ పాపాస్ అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. అతను ఒక్క మాట అంటే బ్రెండన్ వెనక్కి తగ్గుతాడు. తీరా తలుపు తీసేసరికి లోపల ఎనిమిది మంది ఉన్నారు. గస్ ఒకరి గడ్డానికి నురగ రాసి, కత్తి గాల్లో తిప్పుతూ చెబుతున్నాడు.

"నేను మూడో వరుసలో ఉన్నాను. ఆ క్విబెక్ ఆటగాడు గూడ్సు బండిలా వస్తున్నాడా, మన వాల్ట్ అడ్డం వెళ్ళి గోడకేసి ఒక్కటిచ్చాడు! పన్ను ఎగిరొచ్చి నా ఒళ్ళో పడింది."

"నీ ఒళ్ళోనా? అబద్ధాలకీ హద్దుండాలి. నా బీరు కప్పులో పడింది," అన్నాడు కుర్చీలో ఉన్నాయన నురగలోంచి.

"రెండు పళ్ళు ఊడాయేమో!" అన్నారు ఇంకెవరో సర్దుబాటుగా.

గస్ ఇర్మాని చూసి, "ఇదిగో, ఇంటావిడే వచ్చింది! చెప్పమ్మా ఇర్మా, ఇంట్లో ఎప్పుడైనా చెప్పాడా ఆ దెబ్బ సంగతి?" అన్నాడు.

ఎనిమిది మంది ఎదురుగా, చేతిలో కత్తి ఉన్న డెబ్భై ఏళ్ళవాణ్ణి అబద్ధాలకోరు అనడం ఇర్మా వల్ల కాలేదు.

"ఎప్పుడూ చెప్పలేదు," అంది.

"చూశారా, అదీ మగాడంటే!" అన్నాడు గస్.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తానే తిట్టుకుంటూ ఆమె ఇంటికి వచ్చింది. శుక్రవారం నాటికి గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. రింక్ తలుపు మీద కొత్త పోస్టరు వెలిసింది. సన్మానానికి ముఖ్య అతిథి లూసియన్ తెబో. నలభై ఎనిమిదేళ్ళ పగ తీరేలా ఊరందరి ఎదురుగా రిఫరీనే నిలబెట్టి, కరువుతీరా గేలి చేసి, ఆపైన రాజీ పడడం బ్రెండన్ ఆలోచన.

"ఆయనకి ఎనభై ఏళ్ళట మేడమ్, అయినా సరదాగా ఒప్పుకున్నారు," అన్నాడు బ్రెండన్ చర్చిలో పిరోగీలు కొనుక్కుంటూ. "తను చేసిన ప్రతి మ్యాచ్ వివరాలూ నోటు పుస్తకాల్లో రాసిపెట్టుకున్నారట. ఆ సీజనులో మన మ్యాచ్‌లు సగం ఆయనే చేశారట. వాల్ట్ గారి మ్యాచ్ కూడా తప్పకుండా ఉంటుంది!"

ఇర్మా చేతిలో గరిట నూనెలోకి జారింది.

ఆ సాయంత్రం వాల్ట్ ఎదురుగా కూర్చుని అంతా చెప్పేసింది. పేజీ కొట్టేశారని కోపంతో రాశానంది. ఇంతవరకూ వస్తుందనుకోలేదంది.

"ఆదివారం ఆ మనిషి ఊరందరి ముందూ నిన్ను ఎప్పుడూ చూడలేదంటాడు. నీకు మర్యాద చెయ్యబోయి ఉన్న పరువు తీశాను వాల్ట్. నన్ను తిట్టు."

వాల్ట్ మోకాలు రుద్దుకున్నాడు.

"చూడలేదంటే బాగుండును," అన్నాడు.

భయానికి మాట తడబడుతోంది పాపం అనుకుని, ఇర్మా ఆ మాటని పట్టించుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికల్లా రింక్ నిండిపోయింది. మూడు వేల మంది. మంచు మీద ఎర్ర తివాచీ పరిచారు. ఇరవై రెండో నంబరు చొక్కాలు ఐదు వందలూ వరుసల్లో కనబడుతున్నాయి. అలాంటిదే తొడుక్కుని, భార్య చెయ్యి పట్టుకుని, కుంటుకుంటూ వాల్ట్ మధ్యలోకి వచ్చాడు. ఊరు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మనిషికి ఆ మంచు మీద చప్పట్లు వినబడటం అదే మొదటిసారి. ఇదంతా నిజమైతే ఎంత బాగుండును అనిపించింది ఇర్మాకి.

తర్వాత తెబో వచ్చాడు. బక్కపలచని ముసలాయన, చంకలో నల్ల నోటు పుస్తకం. మూడు వేల మంది ఒక్క గొంతుతో "ఊఊ" అని గేలి చేశారు. "ఒకటీ, రెండూ, మూడూ" అని ఆరు దాకా లెక్కపెట్టి చూపించారు. ఆయన టోపీ తీసి నవ్వుతూ నమస్కరించాడు. మైకు అందుకుని వాల్ట్ వైపు తిరిగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. దగ్గరికొచ్చి మొహంలోకి చూశాడు. చొక్కా మీది అంకె చూశాడు.

"ఇతనే!" అన్నాడు.

నోటు పుస్తకం తెరిచాడు.

"ఇతనే నా ఏడోవాడు! ఇరవై రెండు! ఆ రోజు నేను రాసుకున్నాను. మీ కోచ్ మాత్రం మాకు ఇరవై రెండే లేదు పొమ్మన్నాడు. నలభై ఎనిమిదేళ్ళుగా నవ్వులపాలయ్యాను, ఇప్పుడు నా మనవలు కూడా నన్ను వేళ్ళు లెక్కపెట్టమని ఏడిపిస్తున్నారయ్యా! ఎక్కడికి పోయావు నువ్వు?"

ఇర్మా భర్త వైపు తిరిగింది. వాల్ట్ మొహం ఎర్రబడింది. కానీ అందులో ఆశ్చర్యం లేదు. ఆయన మైకు తీసుకున్నాడు.

"ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాను," అన్నాడు. "అప్పుడు నాకు ఇరవై ఒకటి. పెనాల్టీ గది తలుపు తీసి వెయ్యడం నా పని. చలికి తట్టుకోలేక అలమరలో మిగిలిపోయిన చొక్కా ఒకటి కోటు మీద వేసుకున్నాను. మనవాడు ఒక్కడే మూడో గోల్ కూడా కొట్టగానే, ఆనవాయితీ ప్రకారం మీరంతా మంచు మీదికి టోపీలు విసిరారు. నేనూ విసిరాను. అది మా అమ్మ అల్లిన టోపీ. అన్నీ ఏరేశారు, అదొక్కటీ గోడవారన ఉండిపోయింది. ఆట మొదలైంది. అందరూ అటు చివర చూస్తున్నారు కదా అని తలుపు తీసుకుని మెల్లిగా వెళ్ళాను."

"నాలుగు అడుగులు," అన్నాడు తెబో పుస్తకం చూసి.

"నాలుగే. టోపీ తీసుకుని వచ్చేశాను. విజిల్ వేశారు."

ఊరు మొత్తానికి నలభై ఎనిమిదేళ్ళు టోపీ పెట్టింది ఆ ఒక్క టోపీ.

"నాకెందుకు చెప్పలేదు?" అంది ఇర్మా. మైకు దగ్గరగా ఉండటంతో మూడు వేల మందికీ వినబడింది.

"ఆ ఏడోవాడెవడో దొరికితే కొలిమిలో వేస్తామని మిల్లులో వారం రోజులు వెతికారు ఇర్మా. ఆ తర్వాత రిఫరీకి లెక్క రాదని తేల్చేశారు. అందరూ ఒప్పుకున్నారు కదా అని ఊరుకున్నాను. మిల్లు మూశాక సగం జీతానికి ఈ మంచు బండి ఎందుకెక్కానో అడిగేదానివి. ఇందుకే. కప్పు ఎలాగూ ఇవ్వలేను, మంచైనా నున్నగా ఉంచుదామని."

ఇర్మాకి కోపం రావలసిన చోట జాలి వచ్చింది, జాలి వెనకాలే ప్రేమ వచ్చింది. తన అబద్ధం కూడా ఒప్పేసుకుందామని మైకు కోసం చెయ్యి చాపింది. కానీ ఎంత వెతికినా ఒప్పుకోవడానికి అబద్ధమేదీ మిగల్లేదు. ఒక మ్యాచ్, సున్నా గోల్స్, రెండు నిమిషాలు. అక్షరం పొల్లుపోలేదు.

అప్పుడు మూడో వరుసలోంచి గస్ లేచి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, "ఊఊ" అన్నాడు. అది వాల్ట్ కోసం. పక్కవాళ్ళు అందుకున్నారు. మూడు వేల మంది అందుకున్నారు. తెబోకి పడాల్సిన నలభై ఎనిమిదేళ్ళ గేలి మొత్తం అసలు మనిషికి వడ్డీతో సహా ముట్టింది. అరుస్తున్న మొహాలన్నీ నవ్వుతున్నాయి. ఎవరో మొదటి టోపీ విసిరారు. ఆ వెంటనే ఎర్ర తివాచీ కనబడకుండా టోపీలు కురిశాయి. వాల్ట్ తల ఎత్తి నవ్వాడు. ఆయన అంత నోరారా నవ్వడం ఇర్మా పెళ్ళినాడు కూడా చూడలేదు.

"ఆగండి!" అన్నాడు తెబో. "ఆ పెనాల్టీ ఇతని బదులు ఎవరో కూర్చుని తీర్చారు. ఇతని రెండు నిమిషాలూ ఇంకా బాకీ." జేబులోంచి విజిల్ తీసి వేశాడు.

వాల్ట్ కుంటుకుంటూ పెనాల్టీ గదికి వెళ్ళాడు. ఇర్మా ముందు నడిచి తలుపు తీసింది, ఆయన కూర్చున్నాక వేసింది. ఊరంతా నూట ఇరవై దాకా గట్టిగా లెక్కపెట్టింది. ఎక్కడా తప్పలేదు.

మర్నాడు మంగలిషాపులో, వాల్ట్ ఎవరినీ కొట్టలేదు కదా, మరి నీ ఒళ్ళో పడ్డ పన్ను ఎవరిదని ఎవరో గస్‌ని అడిగారు. "అది వేరే మ్యాచ్," అన్నాడు గస్, కత్తి నూరుకుంటూ.

ఇర్మా ఆ వారమంతా పిరోగీల జోలికి పోలేదు. రెండు వేల పుస్తకాల్లోనూ తన చేత్తోనే సవరణ చీటీ అంటించింది. ఇరవై రెండో నంబరు గడిలో దిద్దాల్సింది ఏమీ లేదు. చీటీ మీద ఒక్క వాక్యమే ఉంది: "పద్నాలుగో పేజీ: రిఫరీకి లెక్క వచ్చు."