ఒకటిన్నర నక్షత్రాల క్షమాపణ

మన దినపత్రికలో సినిమాలకు మార్కులు వేసే విమర్శకుడు థియేటర్లో నవ్వాడన్న వార్త పూర్తిగా నిజమని తెలియజేయడానికి విచారిస్తున్నాం. ఒక్కసారి కాదు. విరామానికి ముందే భార్య భుజం మీద వాలిపోయి, ముందు సీటును కాలితో తన్ని మరీ నవ్వాడు.

ఊరంతా ఎగబడి చూస్తున్న ప్రేమకథ అది. పళ్ళ డాక్టరైన హీరో, హీరోయిన్‌కు నొప్పి ఉన్న పన్ను వదిలేసి పక్క పన్ను పీకుతాడు. ఆ సంగతి చెప్పలేక ఆమె వెంట తిరుగుతూ ప్రేమలో పడతాడు. నిజం తెలిసి ఆమె మాట్లాడటం మానేస్తుంది. చివరికి అతను బస్టాండు మైకులో క్షమాపణ చెబుతాడు. ఆ ఘట్టంలో మన విమర్శకుడు కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఏసీ గాలి పడలేదని వివరణ ఇచ్చాడు.

అయినా కర్తవ్యం కర్తవ్యమే. ఇంటికి రాగానే మొహం కడుక్కుని రాశాడు: "హాస్యం శూన్యం. హీరోకు క్షమాపణ చెప్పడం కూడా చేతకాలేదు. చెక్కకు చొక్కా తొడిగినట్టున్నాడు. చిన్న పొరపాటుకు హీరోయిన్ అన్ని రోజులు అలగడం నమ్మశక్యం కాదు. ఒకటిన్నర నక్షత్రాలు."

పొద్దున్నే భార్య పేపరు చదివింది.

"నిన్న నా భుజం మీద పడి నవ్వింది ఎవరండీ?"

"అది నీ మొగుడు. ఇది రాసింది విమర్శకుడు. ఇద్దర్నీ కలపకూడదు."

"సరే. మా ఆయనకి కాఫీ ఇస్తా. విమర్శకుణ్ణి బయటెక్కడైనా తాగమనండి."

ఇక్కడితో ఆగితే బావుండేది. కానీ విద్వత్తు నోరు మూసుకుని ఉండదు కదా. "నువ్వు సామాన్య ప్రేక్షకురాలివి, నీకివన్నీ అర్థం కావులే" అన్నాడు.

అంతే, ఆమె మాట్లాడటం మానేసింది. భోజనం వడ్డించేది. తాళాలు చేతికిచ్చేది. వాన పడేలా ఉంటే గొడుగు గుమ్మానికి అడ్డంగా పెట్టేది. మాట మాత్రం లేదు. వారం తిరిగేసరికి ఇల్లు మూగబోయింది. కొత్త సినిమాలను చీల్చి చెండాడుతుంటే వినే మనిషి లేక విమర్శకుడికి తిండి సహించలేదు. అత్తగారికి ఫోన్ చేశాడు.

"మీరైనా చెప్పండత్తయ్యా."

"ఏం చెప్పను అల్లుడుగారూ! మీకు నచ్చలేదంటే సినిమా బావుంటుందని మా వీధంతా నమ్మకం. ఆ ధైర్యంతోనే అందరం వెళ్ళాం. పడీ పడీ నవ్వాం. మీ మేలు మర్చిపోలేం."

చేసేది లేక వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "'సామాన్య' అనే విశేషణ ప్రయోగం కొంత అసమగ్రమని అంగీకరిస్తున్నాను."

ఆమె వెనక్కి తిరగకుండానే నోరు విప్పింది. "డైలాగు కృత్రిమం. గొంతులో భావం లేదు. ఒకటిన్నర."

హీరోలా మోకాళ్ళ మీద కూర్చోబోయాడు. మోకాలు పట్టేసింది. "అమ్మో!" అన్నాడు.

"ఇది సహజంగా ఉంది. రెండు."

నేల మీద కూలబడి, తలెత్తకుండా చెప్పాడు. "నవ్వాను. ఏడ్చాను కూడా. అలా రాస్తే విలువ పోతుందని భయమేసింది. నువ్వు పక్కన లేకుండా సినిమా చూడ్డం నావల్ల కాదు. తప్పయిపోయింది."

ఆమె స్టవ్ ఆపి వచ్చి చెయ్యందించింది. "కథ బలహీనం. అయినా ఈ హీరోని భరించొచ్చు" అంది.

మర్నాడు ఉదయం ఉన్నతాభిరుచి సంఘంవారు ఆ విమర్శకు గాను అతనికి సన్మానం చేశారు. అధ్యక్షులవారు బల్ల చరిచి ప్రసంగించారు: "ఇటువంటి పళ్ళు పీకే ప్రేమల నుంచి సమాజాన్ని కాపాడిన కలం ఇది! ఆ థియేటరు ఛాయలకు పోయేవాడు మనిషే కాడు!"

విమర్శకుడు లేచి, "నిజానికి నేను బాగా నవ్వాను" అన్నాడు.

"ఎంత వినయం!" అంటూ సభంతా చప్పట్లు కొట్టింది. ఆపైన అందరూ గడియారాలు చూసుకుని, భోజనం కూడా మాని హడావిడిగా వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఆటకు భార్యాభర్తలిద్దరూ మళ్ళీ అదే సినిమాకు వెళ్ళారు. ముందు రెండు వరుసలూ సంఘానివే. అధ్యక్షులవారు హీరో కంటే ముందే డైలాగు చెప్పేస్తున్నారు. విమర్శకుణ్ణి చూసి ఏమాత్రం తడబడలేదు.

"దిగజారుడు ఎంతవరకు వచ్చిందో పరిశీలిస్తున్నాం."

"ఇది ఎన్నోసారండీ?" అంది భార్య.

"నాలుగోసారి తల్లీ. పరిశీలన లోతుగా ఉండాలి కదా!"

వెనక వరుసలో మీరూ ఉన్నారు. కంగారు పడకండి, పేర్లు రాయడం లేదు. మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నారు గానీ, అది ఊగిపోవడం మాకు కనిపిస్తూనే ఉంది. చీకట్లో పేపరు చదివే ఆ నటనకు ఎన్ని మార్కులో మీరే వేసుకోండి.