హెల్డన్ షర్టూ, గుడ్‌విల్ పాఠమూ

సర్టిఫికెట్లకు జిరాక్సులు తీయించాలి. బూట్లకు పాలిష్ కొట్టాలి. అమ్మకు బీపీ మాత్రలు తెచ్చిపెట్టాలి. నాన్న పడవలోకి ఐసు వేయించాలి. గుడివాడ బస్సెక్కాలి. కొత్త షర్టు వేసుకోవాలి. ఆ పొద్దున ధనరాజు పెట్టుకున్న పనులివి. అన్నిట్లోకీ తేలికైనది ఆఖరిదేనని అతను అనుకున్నాడు.

గిలకలదిండిలో వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ధనరాజు. ఎం.కాం. చేశాడు. గుడివాడలో ఓ ప్రైవేటు కాలేజీలో కామర్స్ లెక్చరర్ పోస్టుకు ఇవాళ ఇంటర్వ్యూ. ఉద్యోగం వస్తే మోకాళ్ల నొప్పులతో ఉన్న నాన్న ఇక సముద్రం మీదికి వెళ్లక్కర్లేదు. అందుకే ట్యూషన్లు చెప్పి, టిఫిన్లు మానుకుని, హెల్డన్ బ్రదర్స్ వారి తెల్ల షర్టు కొన్నాడు. అమెరికా కంపెనీ. అతనికి చదువు చెప్పిన బాబూరావు మాస్టారు ఆ కంపెనీ షర్టొకటి ఏళ్ల తరబడి తొడిగారు. కాలరు వాలింది లేదు, గుండీ ఊడింది లేదు. "చొక్కా అంటే అదిరా" అనేవారు ఆయన.

అతను షర్టు మడత విప్పగానే తల్లి పాపాయమ్మ తడి పసుపు వేలితో వచ్చింది. పెట్టాల్సింది లోపలి అంచుకి. కళ్లజోడు లేక కాలరు మీదే పెట్టేసింది.

"అమ్మా! తెల్ల షర్టే!"

"కొత్త బట్టకి పసుపు పెట్టకపోతే ఎలారా? అయినా మరకలంటని చొక్కా అన్నావుగా?"

అట్టపెట్టె మీద నిజంగానే అలా రాసుంది. ధనరాజు నమ్మి సబ్బు పెట్టి రుద్దాడు. సబ్బు తగిలితే పసుపు ఏమవుతుందో ఎం.కాం. సిలబస్‌లో లేదు. కాలరు ఎర్రబడి, మెడ తెగి నెత్తురు కారినట్టయింది. ఆరబెడదామని ఇస్త్రీ చేస్తే, నూరుశాతం కాటన్ అన్న బట్ట ప్లాస్టిక్ కాలిన వాసన కొట్టింది. షర్టు చేతులు కుంచించుకుని మణికట్టు వదిలి పైకి జరిగాయి. తొడుక్కుంటుంటే రెండు గుండీలు రాలాయి.

"పాత చొక్కా వేసుకెళ్లు నాయనా."

"వేసుకోను! షాపు వాళ్లకి ఒంటిమీదే చూపిస్తా. మార్చిచ్చే దాకా కదల్ను."

బస్సులో చేపల రత్నం చూడనే చూసింది. "అయ్యో, మెడమీద ఎవడేశాడ్రా?"

"ఎవరూ వెయ్యలేదు పిన్నీ. షర్టు రంగది."

"చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నాడు పాపం. చేపల వేలంపాటలో గొడవైనట్టుంది" అని ఆమె బస్సంతటికీ చెప్పింది. కండక్టరు తన సీటిచ్చాడు. పెడన దాటేసరికి అది కత్తిపోటయింది. గుడ్లవల్లేరులో రత్నం తన తుండుగుడ్డ తీసి, వద్దంటున్నా అతని మెడకు చుట్టింది. దాంతో ఎర్ర మరకకు చేపల వాసన కూడా తోడైంది.

గుడివాడలో దిగుతూ తుండుగుడ్డ తిరిగిచ్చేసి, షర్టు కొన్న కొత్త ఏసీ షోరూంకు వెళ్లాడు. సేల్స్ అమ్మాయి భార్గవి షర్టును దూరం నుంచే చూసింది.

"పసుపు పెట్టారు కదండీ. వాడిన సరుకు మార్చమండీ."

"పసుపు పెట్టకుండా మనవాళ్లెవరైనా కొత్త బట్ట కడతారా అండీ?"

"మా ఇంట్లోనూ పెడతారండీ. అందుకే మేం ఇక్కడ కొనమండీ."

వాదించే టైము లేదు. ధనరాజు పళ్లు నూరుకుంటూ కాలేజీకి నడిచాడు. ఛైర్మన్ బసవయ్య గారు కృత్తివెన్ను రొయ్యల చెరువుల్లో సంపాదించి కాలేజీ పెట్టిన మనిషి. మెడ చూసి ఉలిక్కిపడ్డారు.

"ఎవరు కొట్టారయ్యా?"

"అమెరికా వాళ్లండీ."

ప్రిన్సిపాల్ సుభాషిణి గారు గొంతు సవరించుకుని, ఏదైనా పాఠం చెప్పమన్నారు. వ్యాపారానికున్న మంచి పేరుకు కట్టే విలువ గురించి చెబుదామని, ధనరాజు బోర్డు పైన 'గుడ్‌విల్' అని రాయబోయి చెయ్యెత్తాడు. చంక నుంచి నడుము దాకా షర్టు చర్రున చిరిగింది.

ఇక ఆగలేదు. "గుడ్‌విల్ అంటే ఇదేనండీ! తాతలు గట్టిగా కుట్టి పేరు తెస్తారు. మనవలు కుట్లు తగ్గించి ఆ పేరమ్ముకుంటారు. లేబులు అదే, ధర అదే, లోపల బట్టే లేదు! మా ఊళ్లో వల అల్లేవాడు ముడి వదిలేస్తే, మళ్లీ వాడి చేతి వల ఎవరూ కొనరు. వీళ్లు మాత్రం కుట్లు మానేసి ప్రపంచమంతా అమ్ముతున్నారు. పెద్దవాళ్లు తొడిగినన్నాళ్లూ మంచి చొక్కా. మాబోటివాళ్లం కొనుక్కునే రోజు వచ్చేసరికి పీలికలా? ఇది వ్యాపారం కాదండీ, దోపిడీ!"

బసవయ్య గారు ముందుకు వంగి చిరుగును పట్టి చూశారు. "ఎక్కడ కొన్నావ్?"

"ఇక్కడే. ఏసీ షోరూంలో."

"అది నాదే."

ధనరాజుకు సముద్రం మీదికి పోతున్న నాన్న పడవ కళ్లముందు కదిలింది. సర్టిఫికెట్లు సర్దుకున్నాడు.

"కూర్చోవయ్యా. ఆ కంపెనీ వాణ్ణి ఇలాగే కడిగేద్దామని నాకూ ఉంది. ఇంగ్లీషు రాక ఊరుకున్నా. పిల్లలకీ ఈ ఊపులోనే చెప్పు, జన్మలో మర్చిపోరు. సోమవారం చేరిపో."

ధనరాజు కళ్లు చెమర్చాయి. దండం పెట్టబోతే రెండో చంక కూడా పోయింది.

"ఆఁ, ఇంకో మాట. అమ్ముడుపోని హెల్డన్ షర్టులు గోడౌన్ నిండా ఉన్నాయి. ఈ ఏటి నుంచి స్టాఫ్ యూనిఫాం అవే."

ఎప్పుడైనా మే నెల ఎండలో గుడివాడ వెళ్తే, నల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని, చెమటలు కారుతూ నడిచే కామర్స్ సారు కనిపిస్తారు. డాబనుకోకండి. కన్నవాళ్ల కోసం కష్టపడుతున్న మనిషని గుర్తుంచుకోండి. లోపల తొడుక్కున్నది అమెరికా చొక్కా.