ఓట్లేసి కట్టిన కంప్యూటరు

మా వెస్టర్‌జీల్ విమాన మిత్రుల సంఘానికి అధ్యక్షుడున్నాడు, జెండా ఉంది, జెండా మోసేవాడికి తెల్లటి చేతితొడుగులున్నాయి, ఫైర్ స్టేషను మేడ మీద ఎండ బాగా తగిలే గది ఉంది. విమానం ఒక్కటే లేదు. అదేం పెద్ద లోటు కాదు లెండి. మా ఊరి ఈత సంఘంలో సగం మందికి ఈత రాదు. పాటల సంఘం సంగతి వాళ్ళ పక్కింట్లో ఉండేవాళ్ళనడగండి. సంఘమన్నాక సమావేశం జరగాలి, టీ కాగాలి, తీర్మానం పాసవ్వాలి. మిగతాది దేవుడు చూసుకుంటాడు.

మా ప్రాణానికి కుందేళ్ళొచ్చి పడ్డాయి. కుందేళ్ళ పెంపకందార్ల సంఘం వాళ్ళు మా గది మీద కన్నేశారు. వాళ్ళ పెద్ద హైకో మునిసిపాలిటీకి పోయి, "మా దగ్గర కుందేళ్ళున్నాయి. వాళ్ళ దగ్గర విమానాలున్నాయా?" అని అడిగేశాడు. పదిమందిలో ఒక సంఘాన్ని అలాంటి మాట అడగొచ్చా? ఎంత మోటు మనిషో చూడండి.

మేయరమ్మ తీర్పు చెప్పింది. ఆగస్టులో ఊరి పండగ రోజున ఆవిడ మా గదికొస్తుంది. విమానం లేదు గనక, కంప్యూటర్లో ఉండే ఉత్తుత్తి విమానాన్నే ఆవిడ చేత నడిపించి, మా ఊరికెదురుగా ఉన్న లాంగ్‌సాండ్ దీవి మీద దింపిస్తే గది మాది. లేకపోతే కుందేళ్ళది.

మా అధ్యక్షుడు ఫోల్కెర్ట్ సముద్రం కట్ట మీద ఇనస్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన లేచి, గొంతు సవరించుకుని, "మిత్రులారా, ఈ కంప్యూటరు ఎవరో ఒకరు కొనుక్కొచ్చేది కాదు. మనమందరం కలిసి ఎన్నుకునేది. ఒక్కో భాగానికి ఒక్కో సమావేశం, ఒక్కో రహస్య ఓటింగు. ఎవరి మనసూ నొప్పించం" అన్నాడు. అందరం బల్లల మీద పిడికిళ్ళతో కొట్టి హర్షం తెలియజేశాం.

రొట్టెల కొట్టు వీబ్కె చెయ్యెత్తి, "అయితే ఎగిరేదెప్పుడండీ?" అంది.

"అది 'ఇతర విషయాలు' కింద, చివర్లో" అన్నాడు ఫోల్కెర్ట్. చివరికొచ్చేసరికి టీ మూడో కప్పు అయిపోతుంది, మూడో కప్పు అయ్యాక ఎవరూ కూర్చోరు. ప్రతి సమావేశంలోనూ ఆవిడ అదే అడిగేది, ప్రతిసారీ అది చివర్లోకే పోయేది. మంచి మనిషే, కాని ఏది ముఖ్యమో తెలీదు.

ముందు ప్రాసెసరు సంగతి తేల్చాలని కూర్చున్నాం. పళ్ళ డాక్టరు హార్మ్ ప్రసంగించాడు. "గాలి ఎటుంది, బరువెంతుంది, రెక్క ఎంత వంగాలి, ఈ లెక్కలన్నీ చేసేది ప్రాసెసరు. మెదడు లేనివాడికి కళ్ళజోడెందుకు?"

రైళ్ళు తోలి రిటైరైన తామ్మోది తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు పక్షం. "కళ్ళు లేనివాడికి లెక్కలెందుకు డాక్టరూ? నేను బతుకంతా రైలు తోలాను. చూసుకుంటూ తోలాను గాని లెక్కలేసుకుంటూ తోల్లేదు."

"అందుకేగా ఏ రోజూ టయానికి రాలేదు!"

"నువ్వు మాత్రం? నా పన్ను పీకమంటే పక్క పన్ను పీకావు!"

ఈ రకంగా సాంకేతిక విషయాలు లోతుగా చర్చించాక ఓటింగు జరిగింది. హార్మ్ పక్షం గెలిచింది, వాళ్ళు కోరిన కంపెనీ ప్రాసెసరు ఖాయమైంది. తర్వాత ప్రాసెసర్ని కూర్చోబెట్టే మదర్‌బోర్డు. ప్రాసెసరు వాళ్ళకి పోయింది గనక బోర్డు మాకు దక్కాలి, ధర్మం అంటూ ఒకటుంది కదా అన్నాడు తామ్మో. ఔను కదా అనుకున్నాం. అందుకని ఆ కంపెనీ అంటే పడని ఇంకో కంపెనీ వాళ్ళ ప్రాసెసరు కోసం చేసిన బోర్డుని ఎన్నుకున్నాం. మెమరీ దగ్గరికొచ్చేసరికి ఓట్లు సమానమయ్యాయి. కాబట్టి సగం వాళ్ళు చెప్పింది, సగం వీళ్ళు చెప్పింది తెచ్చాం. ఏ ఓటింగులోనూ ఎటూ చెప్పనివాళ్ళు ఓ ఏడుగురున్నారు, వాళ్ళనీ గౌరవించాలి గనక భాగాలన్నీ పెట్టే క్యాబినెట్ పెట్టె ఎన్నుకునే పని వాళ్ళకిచ్చాం. అన్ని వైపులా అద్దాలున్నది తెచ్చారు, ఎటు నించైనా చూడొచ్చని.

గ్రాఫిక్స్ కార్డు ఎంత పొడుగంటే, మెట్ల మలుపులో తిరగలేదు. ఫైరింజను నిచ్చెన వేసి కిటికీలోంచి లోపలికి దించాం. కింద పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను, నా నడుం ఇంకా సాక్ష్యం చెబుతుంది.

దీన్నంతా చల్లబరచడానికి నీళ్ళ గొట్టాలు పెడదామని ఎవరో అన్నారు. అన్నదే ఆలస్యం, ఫోల్కెర్ట్ మొహం ఎర్రబడిపోయింది. "నా ఉద్యోగమంతా నీళ్ళని బయట ఉంచడానికే సరిపోయింది. ఇవాళ నా చేతుల్తో నేనే లోపలికి రానివ్వాలా? నా శవం మీదుగా రావాలి!" కట్ట తెగి చచ్చిపోయిన మా ముత్తాతలందర్నీ తలుచుకుని ఒక నిమిషం లేచి నించున్నాం. నీళ్ళు ఓడిపోయాయి. ఫ్యాన్లు గెలిచాయి. ఎన్ని ఫ్యాన్లంటే, మొదటిసారి తిప్పినప్పుడు కిటికీ పక్కనించి పోతున్న సీగల్ పిట్ట ఒకటి వెనక్కి నడుచుకుంటూ గదిలోకొచ్చింది.

పవర్ సప్లై కూడా ఆయనే చూశాడు. కట్టలాగే అదీ నూరేళ్ళకొకసారొచ్చే ఉప్పెనకి సరిపోవాలన్నాడు. దాని స్విచ్చి వేస్తే కరెంటు చాలక రేవులో లైట్‌హౌసు కన్ను కొడుతుంది. రెండు రొయ్యల పడవలు అది పలకరింపనుకుని తిరిగి దీపాలు ఆర్పి వెలిగించాయి.

ఇక బిగించే రోజొచ్చింది. ప్రాసెసరు బోర్డు మీద కూచోలేదు. అటు తిప్పాం, ఇటు తిప్పాం. దాని గుంటలు వేరు, దీని ఆకారం వేరు.

"ఏదో ఒకటి దుకాణంలో మార్చుకొస్తే పోలా? పండక్కి ఇంకా వారముంది" అంది వీబ్కె.

అందరూ వెనక్కి తిరిగారు. చర్చిలో ఎవరో బూతు మాటన్నట్టు చూశారు ఆవిణ్ణి.

"అమ్మా వీబ్కె" అన్నాడు ఫోల్కెర్ట్, చిన్నపిల్లకి చెప్పినట్టు, "తీర్మానమైపోయింది. దాన్ని రద్దు చెయ్యాలంటే సర్వసభ్య సమావేశంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అది జనవరిలో."

"పండగ ఆగస్టులో కదా? గది పోతే జనవరిలో ఎక్కడ కూర్చుంటారు?"

"కంప్యూటరు తీర్మానానికి వ్యతిరేకంగా పనిచెయ్యడం కంటే, తీర్మానం ప్రకారం పనిచెయ్యకపోవడమే సంఘానికి గౌరవం" అన్నాడాయన. ఈ ఒక్క మాట మీద మాత్రం హార్మ్, తామ్మో ఒకటయ్యారు. సంఘం చరిత్రలో మొదటిసారి ఏకగ్రీవం. హార్మ్ తన క్లినిక్ నించి పన్నుకి తొడుగు అతికించే సిమెంటు తెచ్చి, ప్రాసెసర్ని బోర్డు మీద అతికించేశాడు. "ఇక ఊడదు" అన్నాడు. ఊడలేదు కూడా. చెప్పుకోవాలి మరి, ఆయన చేసిన పనుల్లో ఊడకుండా నిలిచింది ఇదొక్కటే.

పండగ రోజు ఊరంతా మేడెక్కింది. మేయరమ్మ మెళ్ళో అధికార గొలుసు వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. ఫోల్కెర్ట్ స్విచ్చి వేశాడు. ఫ్యాన్లు గర్జించాయి. అద్దాల్లోపల ఎరుపు, పచ్చ, నీలం దీపాలు పరుగులు పెట్టాయి. జనం "ఆహా" అన్నారు. తెర మాత్రం నల్లగా ఉంది.

కాసేపు చూశాం. నల్లగానే ఉంది.

గుమ్మం దగ్గర హైకో చంకలో కుందేలుతో నించుని, "ఏవయ్యా ఫోల్కెర్ట్, గది ఎప్పుడు ఊడ్చిస్తావు?" అన్నాడు నవ్వుతూ.

ఫోల్కెర్ట్ మొహంలో రక్తం లేదు. ఆయనకి ఇంట్లో కుర్చీ ఉంది గాని, అందులో కూర్చుని మాట్లాడితే వినేవాళ్ళు లేరు. ఉన్న గది ఇదొక్కటే. తెర వైపు చెయ్యి చాపి అన్నాడు, "మేయరమ్మగారూ, తమరు ఇప్పుడు ఉత్తర సముద్రం మీద ఉన్నారు. అమావాస్య రాత్రి. మబ్బు దట్టంగా పట్టింది."

మేయరమ్మ ముందుకి వంగి చూసింది. "నిజమేనండీ! ఏమీ కనబడ్డం లేదు!"

"అదే దీని గొప్పతనం. పగలు చూపించడం ఏ కంప్యూటరైనా చేస్తుంది."

"ఈ నలుపు నా గ్రాఫిక్స్ కార్డుది" అన్నాడు తామ్మో, ఛాతీ విరిచి. "ఇంత నిఖార్సైన నలుపు ఇంకెక్కడా చూడరు."

"కార్డు చూపించింది, సరే. ఎంత నల్లగా ఉండాలో లెక్కగట్టింది ఎవరు? ప్రాసెసరు!" అన్నాడు హార్మ్.

మేయరమ్మ బల్లకి బిగించిన స్టీరింగు గట్టిగా పట్టుకుంది. ఫ్యాన్ల గాలికి ఆవిడ జుట్టు లేచి వెనక్కి పోయింది. "ఎదురుగాలి!" అని అరిచింది. జనం కుర్చీలు పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నాను, అబద్ధం ఎందుకు, బెల్టు కోసం వెతుక్కున్నాను కూడా. ఫోల్కెర్ట్ "కిందికి... ఇంకా కిందికి... చక్రాలు ఆనాయి" అన్నాడు. సెలవులకి విమానంలో వెళ్ళినప్పుడు దిగగానే కొడతాం చూడండి, అలా గదంతా చప్పట్లు.

"ఏదీ, దీవేదీ?" అన్నాడు హైకో.

"అర్ధరాత్రి దీవి కనబడుతుందా నాయనా? మీ కుందేళ్ళు కనబడతాయా?" అంది మేయరమ్మ. హైకో కుందేలుని ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. గది మాది అయిపోయింది.

అంతటితో అంతా సుఖంగా ముగియాల్సింది. ఇంతలో వీబ్కె కిటికీ గట్టు మీద పాత ల్యాప్‌టాప్ ఒకటి తెరిచింది. తెర అంచు పగిలింది, కొంచెం పిండి కూడా అంటుకుని ఉంది. కాని దాంట్లో ఎండ ఉంది. నీలంగా సముద్రం ఉంది, ఇసక తిన్నెలతో లాంగ్‌సాండ్ దీవి ఉంది, ఆ దీవి మీదికి వంగుతూ ఒక చిన్న విమానం ఉంది. పిల్లలు అటు పరిగెత్తారు. పక్కగాలి కొట్టింది, ఆవిడ సర్దబోయింది, విమానం రన్‌వే పక్కన ఇసకలో ముక్కు పెట్టి బోర్లా పడింది. వీబ్కె పకపకా నవ్వి, "మళ్ళీ వెళ్దాం" అంది.

తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు.

"అయ్యో, ఇది ప్రమాదకరం కదా!" అంది మేయరమ్మ.

ఆ వారమే అత్యవసర సమావేశం పెట్టాం. "సంఘం పుట్టిన నాటి నించీ మన రికార్డులో ఒక్క ప్రమాదం లేదు" అన్నాడు ఫోల్కెర్ట్. "దానికి మచ్చ తెచ్చారు మీరు."

"పడాలంటే ముందు పైకెళ్ళాలి కదండీ!" అంది వీబ్కె.

"అదే మీ మీద ఆరోపణ."

ఆవిణ్ణి సంఘం నించి బహిష్కరించాలన్న తీర్మానం రహస్య ఓటింగులో నెగ్గింది. ఎటూ చెప్పని ఆ ఏడుగురు కూడా ఈసారి ఇటే చెప్పారు.

ఇప్పుడు మా సంఘంలో చేరడానికి జనం వరసలో ఉన్నారు. ఆదివారాలు ఆ చీకట్లో కుటుంబాలతో సహా ఎగురుతారు, అందరూ క్షేమంగా దిగుతారు. ఈ పేరు విని మునిసిపాలిటీ వాళ్ళు దీవికెళ్ళే కొత్త ఫెర్రీ పనంతా మాకే అప్పజెప్పారు. పడవ ఎంత ఎత్తుండాలో ఈ బుధవారం ఓటింగు, రేవు ఎంత ఎత్తుండాలో వచ్చే నెల.

మీరెందుకండీ నవ్వుతారు? మీ ఊరి వంతెన రెండు కొసలూ మధ్యలో కలిశాయా? కలవకపోతే, ప్రారంభోత్సవం రోజున మీరెటు నించుని చప్పట్లు కొట్టారు?