చెవాకు హాజరు

పురపాలక సంఘం పార్కులో నేలను పాకి పెరిగే చెవాకు మొక్కకు ఉగాది ముందు వారం పర్మినెంట్ ఉద్యోగం వచ్చింది. ఆఫీసువాళ్లు ఆర్డరు కాపీని మొక్క పక్కనే రాయి కింద పెట్టి, అందినట్టు రాసుకుని వెళ్లారు. ఊళ్లో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. హాజరు సరిగ్గా ఉన్నవాళ్లకు ఉద్యోగం రావడంలో వింతేముంది?

కడుపు మండింది సంజమ్మకు ఒక్కదానికే. పంతొమ్మిదేళ్లుగా ఆ పార్కులో కాంట్రాక్టు మీద తోటపని ఆమెదే. ఆ మొక్కను నాటిందీ ఆమే. మేకపిల్ల చెవిలా మెత్తగా, బూడిదరంగు నూగుతో ఉంటుందని ఆ పేరు పెట్టిందీ ఆమే. ఒకసారి వేరు పట్టిందంటే ఏళ్ల తరబడి ఉంటుంది, పదిహేను రోజులు నీళ్లు లేకపోయినా వాడదు. గడ్డి చచ్చిన చోటల్లా సంజమ్మ మట్టిలో ఇసుక కలిపి, జానెడు ఎడంగా దాని పిలకలు నాటుకుంటూ వచ్చింది.

తంటా అంతా నాలుగేళ్ల కింద హాజరుకు పెట్టిన వేలిముద్ర మిషనుతో వచ్చింది. మట్టి పిసికి పిసికి ఆమె బొటనవేలు అరిగిపోయింది, మిషను ఆమెను గుర్తుపట్టలేదు. తుడిచి పెట్టు, మళ్లీ పెట్టు అని మేస్త్రీ నెల్లాళ్లు విసుక్కున్నాడు. ఒకనాడు వేలికి అంటుకున్న ఆకుతో సహా నొక్కితే పచ్చలైటు వెలిగింది. ఆనాటి నుంచి రోజూ ఒక ఆకు తుంచుకెళ్లి నొక్కేది. కూలి మేస్త్రీ నోటుబుక్కును బట్టి వచ్చేది గనక, హాజరు తన పేరునే పడుతోందనుకుంది పిచ్చితల్లి. మిషను మాత్రం కొత్త ముద్రను కొత్త ఉద్యోగిగా రాసుకుంది. ఆఫీసువాళ్లు ఆ ముద్ర ఎవరిదో విచారించి, పేరు గడిలో నిజాయితీగా చెవాకు అని నింపారు. నాలుగేళ్లలో చెవాకు ఒక్కరోజు నాగా పెట్టలేదు. సంజమ్మ ఒక్కరోజూ రాలేదు.

ఉద్యోగుల ఫైళ్లు చూసే ఖాదర్ వలీ మంచివాడు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఇందులో ఎవరి తప్పూ లేదని ఓపిగ్గా చెప్పాడు. కొత్త ఉద్యోగికి సర్వీసు పుస్తకం తెరుస్తూ, ఆధారపడినవారు అనే గడి దగ్గర ఆగి, ఆమె పేరు రాశాడు. మొక్క మీద ఆధారపడి బతికేది ఆమే కదా.

"రేపు దానికేమన్నా అయితే, కారుణ్య నియామకం కింద ఆ పోస్టు నీదే సంజమ్మా."

"అయితే అది చావాల్నా సార్?"

"నేనట్లా అన్లేదు. రూలు చెప్పినా."

సంజమ్మకు అరవై నిండడానికి ఇంకా రెండేళ్లుంది. పెంచిన చేత్తోనే చంపడమా అని సిగ్గుపడింది, ఏడ్చింది, చివరికి నీళ్ల పైపు పక్కన పడేసింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, పార్కులో గడ్డీ గన్నేరూ మాడిపోయాయి. చెవాకు మాత్రం కొత్త పిలకలు వేసి కాలిబాట మీదికి వచ్చింది. కమిషనరు స్వయంగా చూసి మెచ్చుకుని, సిబ్బందంతా దాన్ని చూసి నేర్చుకోవాలని చెప్పి, పార్కుకు వచ్చే ట్యాంకరు ఆపించేశాడు.

మొక్కను మొదట తెచ్చిచ్చిన నర్సరీ నాగిరెడ్డిని వెళ్లి అడిగింది. ఎండబెట్టి దాన్ని చంపలేవన్నాడు. పది రోజులు మొదలు చుట్టూ నీళ్లు నిలవబెడితే వేరు కుళ్లి అదే పోతుందన్నాడు.

"పది రోజులు నిలవబెట్టే నీళ్లా?" అంది సంజమ్మ.

నాగిరెడ్డి తన ఎండిన తొట్టిని చూపించాడు. అతనిదీ ఆ ఊరే.

ఆ సాయంత్రం కుళాయి వచ్చే రోజు. ఆరు రోజులకోసారి వస్తుంది. సంజమ్మ రెండు బిందెలతో వరుసలో నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి నీళ్లు ఆగిపోయాయి. ఆమె వెనక ఇంకా నలభైమంది ఉన్నారు. అందరూ అలవాటుగా ఖాళీ బిందెలు ఎత్తుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.